ఓన్లీ పెదనాన్న బల్ల

కుట్టుపని కార్ఖానాలో స్టోరు చూసే పెదనాన్నకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువు కనబడినా దానికి "ఓన్లీ" అని ఓ బోర్డు తగిలించాలి. లేకపోతే ఆయనకు అన్నం సయించదు. కత్తెర మీద "ఓన్లీ గుడ్డకు". మంచినీళ్ల కుండ మీద "ఓన్లీ తాగుటకు". కిటికీ మీద "ఓన్లీ గాలికి". ఆ కిటికీలోంచి వీధిలోకి చూసినందుకు, గుండీలు కుట్టే పిల్ల, అంటే ఆయన తమ్ముడి కూతురే, ఒకసారి చీవాట్లు తింది.

"గాలికని రాశాను కదే! చూపుకని రాశానా?"

ఇంట్లోనూ ఇదే వరస. దిండు మీద "ఓన్లీ తలకు" అని చూసి పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"నా నోరు ఓన్లీ మిమ్మల్ని తిట్టడానికే! దానికీ ఓ బోర్డు రాసి పెట్టండి."

మహానుభావుడు నిజంగానే అట్టముక్క కోసం లేచాడు.

ఇవన్నీ ఎలాగో భరించారు. కానీ మూడో అంతస్తుకు వెళ్లే మెట్ల మలుపులో, తన స్టోరు గుమ్మం ఎదుటే, ఓ బల్ల వేసి "ఓన్లీ కూర్చుని వెళ్లవలెను" అని రాసేసరికి కార్ఖానా అంతా గగ్గోలెత్తింది. పైకి వెళ్లే ప్రతివాళ్లూ అక్కడ కాసేపు కూర్చోవాలట!

"పెదనాన్నా, అర్జెంటు పని. వదులు!"

"కూర్చో."

"నాకేమన్నా కాళ్లనొప్పులా?"

"నొప్పులున్నవాళ్లకని రాశానా? చదువుకున్నదానివేగా!"

చివరికి ఓనరుకే అడ్డం తగిలాడు. ఓనరుకు ఒళ్లు మండి బల్లను కాలితో తన్నాడు.

"రేపటికల్లా ఇది తియ్యకపోతే నిన్నే తీసేస్తా!"

పీడా పోయిందని పిల్ల లోలోపల సంబరపడింది.

ఆ మధ్యాహ్నమే, గుడ్డలు కత్తిరించే మాస్టరమ్మ వెనకాల పిల్ల మెట్లెక్కుతోంది. పెద్దావిడ ఓ చేత్తో గోడ, ఓ చేత్తో మోకాలు పట్టుకుని ఎక్కుతోంది. ఎవరైనా చెయ్యి అందిస్తే అంతెత్తున లేస్తుంది. తను రొప్పడం ఓనరు చూస్తే ఇంటికి పంపేస్తాడని ఆవిడ భయం. ఇంట్లో మంచాన పడ్డ మొగుడికి ఆవిడ సంపాదనే దిక్కు.

మాస్టరమ్మ బల్ల మీద కూలబడింది.

"నీ ఓన్లీ తగలెయ్య! కూర్చోక చస్తానా?"

"రూలమ్మా, రూలు! అందరికీ ఒకటే."

అని పెదనాన్న అటు తిరిగి దారపుండలు సర్దుకోసాగాడు. ఆవిడ ఆయాసం తీరేదాకా ఇటు తిరగనే లేదు. తర్వాత ఆవిడ లేచి, నిటారుగా పనిలోకి వెళ్లింది.

పిల్లకు పెదనాన్న మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. ఒక్క మనిషిని కూర్చోబెట్టడానికి ఇంతమందిని కూర్చోబెట్టి, అందరిచేతా తిట్లు తిన్నాడా ఈయన!

ఆ సాయంత్రమే పిల్ల కుట్టేవాళ్లందరి చెవినా ఓ మాట వేసింది. మర్నాడు ఓనరు వచ్చేసరికి బల్ల నిండా, మెట్ల నిండా వాళ్లే. కాలు పెట్టే సందు లేదు.

"ఏమిటీ వేషాలు?"

"అలవాటైపోయింది సార్. ఇక్కడ కూర్చోనిదే చెయ్యి ఆడటం లేదు," అంది పిల్ల, మాస్టరమ్మ భుజానికి ఆనుకుని.

ఓనరు గట్టిగా కసరబోయాడు. అంత పైకి ఎక్కొచ్చిన ఆయాసానికి మాట పెగల్లేదు. "జరగండి," అని బల్ల చివర చతికిలపడ్డాడు. బొజ్జ కిందికీ పైకీ ఆడటం మెల్లగా తగ్గింది.

"హమ్మయ్య!" అన్నాడు పెదనాన్న వైపు చూసి. "కింద మలుపులో కూడా ఒకటి వేయించవయ్యా."