తెగిన వైరు మీద మూడు పనసలు

దెయ్యాల కబుర్లు మొదలెడితే నేను అక్కణ్ణుంచి లేచిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. అమలాపురంలో ఒక డిప్లొమా కాలేజీ కంప్యూటర్ ల్యాబు నా చేతి కింద ఉంది. నెట్ ఎందుకు రావడం లేదో వెతికి పట్టుకోవడమే పద్దెనిమిదేళ్లుగా నా పని. వైరు వదులై ఉంటుంది, ఎలుక కొరికి ఉంటుంది, లేదా ఎవరో ఫ్యాను పెట్టుకోవడానికి ప్లగ్గు పీకి ఉంటారు. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. ల్యాబులో పిల్లలకి ఏటా మొదటి రోజున చెప్పే మాట ఇదే.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నేను కళ్లారా చూసింది వేరుగా, ఇతరులు చెప్పగా విన్నది వేరుగా రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా అక్కని కొత్తపేట దగ్గర ఒక ఊళ్లో ఇచ్చాం. బావగారు వేదం చెబుతారు. తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. బావగారి శిష్యుల్లో సుబ్బు అనే అతను చదువు ఇంకాస్తలో పూర్తవుతుందనగా ఇల్లు గడవక కువైట్ వెళ్లిపోయాడు. అక్కడ ఒక క్యాంటీన్లో వంట చేస్తాడు. శుక్రవారం సెలవు. మిగిలిన పాఠం ప్రతి శుక్రవారం కంప్యూటర్లో చెప్పించే ఏర్పాటు నేనే చేశాను. మొదట్లో బావగారు ముఖం ముడుచుకున్నారు. రెండు వారాలకి ఆయనే గురువారం రాత్రి ఫోన్ చేసి, "రేపు వస్తున్నావా శేషూ" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ చదువు పద్ధతి కొంచెం చెప్పాలి. గురువు ఒక ముక్క ఒకసారి చెబుతాడు. శిష్యుడు దాన్ని రెండుసార్లు చెప్పాలి. స్వరం తప్పితే గురువు అక్కడే ఆపి దిద్దుతాడు. దీన్ని సంత అంటారు. యాభై పదాల ముక్కని పనస అంటారు. పనస మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. రికార్డు చేసి పంపేద్దామని నేను ఒకసారి అంటే బావగారు నవ్వారు. "రికార్డు తప్పు దిద్దదు కదా. వద్దు," అన్నారు. అందుకని ఏ రోజూ రికార్డు చేయలేదు.

ఆ మార్గశిరంలో ఆయన గొంతులో గడ్డ ఉందని తేలింది. సోమవారం కాకినాడలో ఆపరేషను. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు నిర్మొహమాటంగా చెప్పేశాడు. సుబ్బుకి ఇంకా పదకొండు పనసలు మిగిలున్నాయి. చతుర్దశి, అమావాస్య, పాడ్యమి రోజుల్లో వేదం చెప్పకూడదు. ఆ శనివారం, ఆదివారం, సోమవారం సరిగ్గా అవే తిథులు. శుక్రవారం త్రయోదశి. ఆ రోజు కూడా దీపాలవేళ అయితే పుస్తకం మూసెయ్యాలి. అంటే బావగారి గొంతుకి మిగిలింది ఒక్క పగలు.

"మూడేళ్ల చదువు పదకొండు పనసల దగ్గర ఆగిపోతే ఆ పిల్లాడికి నేనేం చెప్పుకోను?" అన్నారు బావగారు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. "ఆగదు బావగారూ, నేనున్నాను," అన్నాను. అన్నాక వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు.

ఆ ఇంట్లో నెట్ కేబుల్ లైను మీద వస్తుంది. ఆ లైను కొబ్బరితోటల్లోంచి వస్తుంది కాబట్టి మట్ట పడితే పోతుంది. నా ఫోన్లోంచి వైఫై ఇవ్వచ్చు గానీ అక్కడ సిగ్నలు దోబూచులాడుతుంది. అందుకని ఒకే ల్యాప్‌టాప్‌కి రెండూ తగిలించాను. రెండూ పెడితే వేగం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. కంప్యూటరు ఏదో ఒక దారినే పట్టుకుంటుంది. ఒక్కో దారికి ఒక్కో అంకె ఇస్తే, తక్కువ అంకె ఉన్నదానికి ముందు పీట వేస్తుంది. వైరుకి పది, వైఫైకి యాభై ఇచ్చాను. వైరు పోతే కొన్ని సెకన్లలో తనంతట తనే వైఫైకి మారుతుంది. ఏ నిమిషంలో ఏ దారిన ఎంత వెళ్లిందో రాసిపెట్టే చిన్న ప్రోగ్రాము మా ల్యాబులో వాడతాను. అదీ పెట్టాను. బొమ్మ ఆపేసి గొంతు మాత్రం ఉంచాను, బరువు తగ్గుతుందని.

మొదలుపెట్టే ముందు బావగారు నన్ను దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పారు. తొమ్మిదో పనసలో ఒకచోట ఆయనకే అనుమానమట. రెండు అచ్చు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉందట. "నాన్నగార్ని అడుగుదామనుకుంటూనే రోజులు గడిపేసేను. ఆయన వెళ్లిపోయేరు. సిగ్గుపడి ఇంకెవర్నీ అడగలేదు," అన్నారు. ఈ సంగతి అక్కకి కూడా తెలియదు.

తొమ్మిదిన్నరకి మొదలైంది. సావిట్లో పీట మీద ల్యాప్‌టాప్, పక్కనే పెద్దాయన వాడిన పంచపాత్ర, ఉద్ధరిణి. ఆ పంచపాత్ర అంచంతా సొట్టలే. శిష్యుడు తప్పు చెబితే పెద్దాయన ఉద్ధరిణితో దాని మీద టింగుమని కొట్టేవారట. బావగారికి ఆ అలవాటు లేదు. ఆయన "ఊహూఁ" అంటారు, అంతే.

మధ్యాహ్నానికి అయిదు, మూడింటికి ఏడు పనసలు పూర్తయ్యాయి. అక్క పాలు తెచ్చి పెట్టి నన్ను తిట్టిపోస్తోంది, ఆయన గొంతు చంపేస్తున్నావని. మూడు దాటి పది నిమిషాలకి ఎనిమిదోది నడుస్తుండగా పక్క తోటలో కొబ్బరికాయల దింపు తీస్తున్నవాళ్లు కొట్టిన మట్ట లైను మీద పడింది. రూటర్ మీద ఎర్రలైటు వెలిగింది. నాలుగు సెకన్లు సుబ్బు గొంతు ఆగి మళ్లీ వచ్చింది. వైఫైకి మారిందన్నమాట, పనస తెగలేదు. నా పనికి నేనే మీసం దువ్వుకున్నాను. సరిగ్గా ఎనిమిదో పనస పూర్తయ్యాక ఫోన్లో సిగ్నలు కూడా పోయింది. మూడూ ఇరవైనాలుగు.

పది నిమిషాలు ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఎక్కడా ఒక్క గీత లేదు. బావగారు కళ్లు మూసుకుని, "నాకు రాసిపెట్టి లేదు శేషూ," అన్నారు. గొంతు గాలిలా వస్తోంది. అక్క మందు వేసి ఆయన్ని పెరటివైపు వసారాలో పడుకోబెట్టింది. మందుకి వెంటనే నిద్ర పట్టేసింది.

నాకు పంతం వచ్చింది. ల్యాప్‌టాప్ తీసెయ్యకుండా అలాగే వదిలేసి, ఫోను జేబులో వేసుకుని బండి తీశాను. తోట దగ్గర ఆగి చూశాను. వైరు రెండు ముక్కలై, ఒక ముక్క పంటకాలవలో వేలాడుతోంది. కేబుల్ ఆయన దగ్గరికి వెళ్తే అతికే మిషను రావులపాలెంలో ఉందన్నాడు. రావులపాలెం వెళ్లాను. అక్కడ వేరే పని జరుగుతుంటే చేతులు పట్టుకున్నంత పని చేసి, మనిషినీ మిషనునీ బండెక్కించుకు వచ్చాను. లైను అతికి, రూటర్ మీద పచ్చలైటు చూసేసరికి ఆరుకి పది తక్కువ. అప్పటికే అక్క దీపం పెట్టేసింది.

గుమ్మం దగ్గరే కూలబడ్డాను. "మూడే మిగిలేయక్కా. మూడంటే మూడు," అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అక్క నన్ను వింతగా చూసింది. "మూడేవిట్రా? ఇందాకే అయిపోయేయి కదా. సుబ్బు శాంతి కూడా చెప్పేడు."

శాంతి అంటే పాఠం ముగిశాక చెప్పే మంత్రం. నేను వెళ్లిన కాసేపటికి సావిట్లోంచి సుబ్బు గొంతు మళ్లీ వినపడిందట. ఒక్కో ముక్కా రెండేసిసార్లు చెబుతున్నాడట. మధ్యమధ్య కాస్త కాస్త ఖాళీ. బావగారు లేచి వచ్చి కూర్చున్నారనీ, గొంతు మరీ హీనమై వంటింట్లోకి వినపడటం లేదనీ అనుకుంది. మాట్లాడిస్తే శ్రమపడతారని తొంగి చూడలేదు.

నేను పెరట్లోకి పరుగెత్తాను. బావగారు గోడవైపు తిరిగి నేను వెళ్లేటప్పుడు ఎలా పడుకున్నారో అలాగే ఉన్నారు. లేపితే, "ఎన్నింటికి వచ్చేవు?" అని అడిగారు.

అప్పుడే సిగ్నలు తిరిగొచ్చినట్టుంది, నా ఫోను మోగింది. సుబ్బు. అతని మాటల్లో సంతోషం పట్టనలవి కావడం లేదు.

"శేషుగారండీ, గురువుగారికి నా నమస్కారం చెప్పండి. మధ్యలో పావుగంట తెగిపోతే ఇక అయిపోయిందనుకున్నానండీ. మళ్లీ వచ్చేరు. ఆఖరి మూడూ ఎంత గట్టిగా చెప్పేరండీ! ఆ గొంతుకి ఆపరేషనేవిటండీ?"

ఫోను పెట్టేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇది నేను కళ్లారా చూసింది. కాల్ ముగిసింది అయిదూ ముప్ఫైఒకటికి. నా ప్రోగ్రాములో మూడూ పది వరకూ వైరు, అక్కణ్ణుంచి ఇరవైనాలుగు వరకూ వైఫై, తర్వాత పదిహేడు నిమిషాలు రెండు వరసల్లోనూ సున్నాలు. మూడూ నలభైఒకటి నుంచి అయిదూ ముప్ఫైఒకటి వరకూ వైరు వరసలో మళ్లీ అంకెలు. ఇటునుంచి పోవడమూ అటునుంచి రావడమూ రెండూ ఉన్నాయి. ఆ సమయంలో వైరు కాలవలో ఉంది. వైఫై ఇచ్చే ఫోను నా జేబులో, నేను రావులపాలెం దారిలో.

బావగారితో ఆ రాత్రి ఏమీ అనలేదు. సుబ్బుకి పూర్తయిందని మాత్రం చెప్పాను. "ఎలా?" అన్నారు. "రెండు దారులు పెట్టేను కదండీ," అన్నాను. అబద్ధం చెప్పానో నిజం చెప్పానో నాకే తెలియలేదు.

సోమవారం ఆపరేషను జరిగింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. పెదాలు కదులుతాయి, మాట రాదు. పలక మీద రాసి చూపిస్తారు.

నేను ఊరుకోలేదు. తర్వాత ఆ ఇంట్లోనే నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. కేబుల్ ఆయన చేత స్తంభం దగ్గర లైను తీయించి, అవే అంకెలు పెట్టి, అదే కాల్ చేసి చూశాను. ఒక్కసారి కూడా కలవలేదు. ల్యాప్‌టాప్ గడియారం సరిచూశాను. పక్కింటి వైఫై ఏమైనా అందిందా అంటే, వాళ్లకీ అదే లైను. సుబ్బు పుస్తకం చూసి నేర్చుకుని గురువుగారి సంతోషం కోసం అబద్ధం చెప్పాడేమో అని కూడా అనుమానించాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను గానీ అనుకున్న మాట నిజం. అలా అయినా నా ప్రోగ్రాములో అంకెలు ఎక్కడివి?

వైశాఖంలో సుబ్బు సెలవు మీద వచ్చాడు. స్నానం చేసి, బావగారికి ఎదురుగా కూర్చుని పదకొండు పనసలూ అప్పజెప్పడం మొదలుపెట్టాడు. నేనూ అక్కా గుమ్మం దగ్గర ఉన్నాం. ఎనిమిది వరకూ బావగారు కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నారు. తొమ్మిదోది సగంలో కళ్లు తెరిచి చెయ్యి ఎత్తారు. ఆ ముక్క మళ్లీ చెప్పమని చేత్తో చూపించారు. సుబ్బు తడుముకోకుండా చెప్పాడు. బావగారు పలక అందుకుని రాశారు: "ఇక్కడ ఇలాగని ఎవరు చెప్పేరు?"

"మీరేనండీ గురువుగారూ," అన్నాడు సుబ్బు కంగారుగా. "రెండుసార్లు తప్పు చెప్పేనండీ. రెండుసార్లూ ఉద్ధరిణితో పంచపాత్ర మీద కొట్టేరు. ఎప్పుడూ లేంది కొట్టేరేంటా అని భయవేసిందండీ. మూడోసారికి సరిపోయింది."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆ చప్పుడు నేనూ విన్నాన్రా. పిల్లి ఏదో దొర్లించిందనుకున్నాను," అంది మెల్లగా.

బావగారు పంచపాత్రని ఒళ్లోకి తీసుకుని అంచు మీద సొట్టల్ని బొటనవేలితో తడిమారు. కళ్లు తుడుచుకుని, ఆ ముక్క ఇంకొక్కసారి చెప్పమని సుబ్బుకి సైగ చేశారు. ఈసారి ఆయన వీపు నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

సుబ్బు ఒకసారి చెప్పాడు. శబ్దం లేని పెదాలతో బావగారు దాన్ని రెండుసార్లు చెప్పుకున్నారు.

ఆ రెండు గంటలు ఆ తెగిన వైరు మీద ఏం నడిచిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ అంకెల కాగితం నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి మొదటి నుంచీ చూస్తాను, ఏదైనా వదిలేశానేమోనని. వెతకడం ఆపలేదు. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం అనే మాట మాత్రం ఈ ఏడాది పిల్లలకి చెప్పలేదు.