పదమూడు కాలనీలకు నేను పంచిపెట్టిన జనాభా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కెనడాకు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, విమానాశ్రయం దగ్గర ఒక గోదాములో వారానికి మూడు రోజులు పెట్టెలు మోసేదాన్ని. (ఇంట్లో "లాజిస్టిక్స్‌లో ఉన్నాను" అని చెప్పాను. అమ్మ ఆ మాట అపార్ట్‌మెంటంతా చెప్పింది.) రెండు నెలలకే నడుము పట్టేసింది. సరిగ్గా అప్పుడే మిస్సిసాగాలో ట్యూషన్ సెంటరు నడిపే ఒక తెలుగు ఆంటీకి హిస్టరీ చెప్పే మనిషి కావాలని తెలిసింది. శనివారం డెమో క్లాసు. నెగ్గితే గోదాముకు దణ్ణం పెట్టేయొచ్చు. లేదంటే సోమవారం మళ్లీ అవే పెట్టెలు.

పాఠం, అమెరికాలో బ్రిటిష్ వాళ్ల కాలనీలు. నేను పుస్తకం తెరవలేదు. ఎందుకు తెరుస్తాను? డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు హైదరాబాదులో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లి బిట్లు బట్టీ పట్టినదాన్ని. కాలనీలెన్ని? పదమూడు. తిరగబడే నాటికి జనాభా? సుమారు ఇరవై అయిదు లక్షలు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. (ఎందుకు తిరగబడ్డారని అడిగితే మాత్రం మళ్లీ పడుకునేదాన్ని.)

క్లాసులో ఆరుగురు పిల్లలు. వెనక కుర్చీల్లో ఆంటీ, ఆమె పక్కన ఒక పిల్ల తండ్రి. లక్షలంటే ఇక్కడి పిల్లలకు అర్థం కాదు కదా అని, ఎంతో ముందుచూపుతో లక్షలు తీసేసి మిలియన్లు పెట్టి, "ట్వెంటీఫైవ్ మిలియన్" అని బోర్డు మీద పెద్దగా రాశాను. పది లక్షలు కలిస్తే గాని ఒక మిలియన్ కాదన్న చిన్న విషయం నా విజ్ఞానానికి అడ్డు రాలేదు.

ఆ తండ్రిగారి కూతురే, పన్నెండేళ్లుంటాయి, చెయ్యెత్తి ఇంగ్లీషులో అడిగింది.

"మిస్, ఇప్పుడు కెనడా మొత్తం కలిపితేనే ఫార్టీ మిలియన్. అప్పుడే అంతమందా?"

"అప్పట్లో కుటుంబాలు పెద్దవమ్మా."

"మరి మన నోవాస్కోషియా కూడా బ్రిటిష్ వాళ్లదే. క్యూబెక్ కూడా. థర్టీన్ ఎలా అయింది?"

"ముఖ్యమైనవి పదమూడు."

"ఆ థర్టీన్ ఫైట్ చేసి వెళ్లిపోయాయి మిస్. మనం వెళ్లలేదు. వెళ్లకపోతే కౌంట్ చెయ్యరా?"

కెనడాలో నిలబడి, కెనడా పిల్లల ముందు, కెనడానే లెక్కలోంచి కొట్టేశానని నాకప్పుడు అర్థమైంది. అయినా నాకు అండగా వెనకనుంచి ఆ తండ్రిగారి గొంతు లేచింది.

"మిస్‌తో ఆర్గ్యూ చెయ్యకు బేటా. మా బుక్కుల్లో కూడా థర్టీనే ఉండె."

క్లాసయ్యాక ఆంటీ నన్ను పక్కకు పిలిచారు. "హిస్టరీ నీకొద్దులేమ్మా" అన్నారు. పెట్టెలు కళ్లముందు కదిలాయి. ఆవిడే మళ్లీ, "ఓ పని చెయ్యి, మ్యాథ్స్ చెప్పు. ఇండియాలో చదువుకున్నావు కదా, లెక్కల్లో మనకి తిరుగేముంది" అన్నారు.

"ఏమీ లేదాంటీ" అన్నాను. మర్నాడే గోదాము మానేశాను. రెండేళ్లు మ్యాథ్సే చెప్పాను.

ఇప్పుడు నాకు మూడేళ్ల కూతురు. జ్వరం మందు ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీద మూడుసార్లు చదువుతాను. నమ్మకం చాలక ఆయన్ని లేపి నాలుగోసారి చదివిస్తాను. పాప నిద్రపోతుంది, ఆయనా నిద్రపోతారు. నేను మాత్రం కూర్చుని ఇలాంటివి రాసుకుంటాను. రెండు కోట్ల పైచిలుకు మనుషుల్ని ఒక్క మార్కర్‌తో పుట్టించి, తిరుగు బస్సులో కిటికీకి తలానించి హాయిగా నిద్రపోయిన ఆ పిల్లను తలచుకుంటే సిగ్గేస్తుంది. కాసేపయ్యాక, ఆ నిద్రను ఒక్క రాత్రికి అరువివ్వమని అడగాలనిపిస్తుంది.