నాలుగో జాన దగ్గర వేడి

మధ్యాహ్నం తిన్న చేపల పులుసు మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

కృష్ణపట్నం దారిలో మా షెడ్డులో నిలువెత్తు ఇనుప గొట్టం ఒకటి ఉంది. లోపల మిరియాల్లాంటి గుళికలు. పైనుంచి గ్యాసు పంపితే, ఆ గుళికలను తాకి నూనెగా మారి, కిందికి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. మారేటప్పుడు వేడి పుడుతుంది. అది ఒకచోట ముదిరితే గుళికలు పాడైపోతాయి. ఎక్కడ ముదురుతుందో కంప్యూటర్లో లెక్కకట్టి ముందే చెప్పడం నా పని. దీన్ని మోడలింగ్ అంటారు. ఆ మాట విన్న ప్రతివాడూ ముందు నా పొట్ట చూస్తాడు.

పైనుంచి నాలుగో జాన దగ్గర, అంది నా లెక్క. మొదటి జానలోనే ఎందుకు కాదు? వారమంతా అదే ఆలోచన. గ్యాసు కాగేందుకు కొంత దూరం పోవాలి, మరీ కిందికి పోతే గ్యాసే తరిగిపోతుంది. పెళ్లిలో రెండో పంక్తికి ఆకలీ వంటకాలూ రెండూ ఉన్నట్టు.

వేడి కొలిచే తీగను గొట్టంలోకి దూర్చేది పులికాట్ వైపు నుంచి వచ్చిన అన్న. తీగ మీది గుర్తులు చెరిగిపోతే వల కొలిచినట్టు జానలతో కొలిచాడు.

"ఆరో జాన కాడ కాలతా ఉండాది సామీ."

మా పెద్ద సారు నా కాగితం మడిచేశారు. "రేపటికి రెండూ కలవకపోతే మీ లెక్క పక్కనపెట్టి, మా అనుభవంతోనే నడుపుతాం."

మర్నాడు అందరి ముందూ అన్న చేతి పక్కన నా చెయ్యి పెట్టాను. ఆయనది పిల్లాడి చెయ్యంత ఉంది. ఆయన ఆరు జానలు నాకు సరిగ్గా నాలుగు. లెక్క బతికింది.

ఈ కథ టీకొట్టులో చెబుతుంటే అన్న వెనకే నిలబడి విన్నాడు.

"నా చెయ్యి ఎప్పుడు చిన్నదయింది సామీ?" అంటూ అరచెయ్యి నా టీ గ్లాసు మీద మూశాడు. గ్లాసు కనబడలేదు.

సరే, చెయ్యి నేను కల్పించిందే. ఆ రోజు జరిగింది వేరు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తీగను అడుగునుంచి పైకి దూరుస్తుంటే చూసి అడిగాను, "అన్నా, యాడనుంచి లెక్కపెడతా ఉండావు?"

"దూర్చేది కిందనుంచి గదా, కిందనుంచే."

గొట్టం మొత్తం పది జానలు. కిందనుంచి ఆరు, పైనుంచి నాలుగు, చోటు ఒక్కటే. వారం రోజులు గ్యాసును అనుమానించిన నేను, అంతదాకా ఆయన్ని ఆ ఒక్క మాట అడగలేదు.