ఉతకని బట్ట మీద వచ్చిన లాభం

నా చిన్నప్పుడు తమిళనాడులోని గుడియాత్తంలో మా వీధి మగ్గాలన్నింటికీ నూలు వేలూరు నుంచి వచ్చేది. నూలు ఇచ్చేదీ, నేసిన లుంగీలు తీసుకుపోయేదీ ఒకే షావుకారు. ఆయన నూలు ఆపితే మా తాతయ్య మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మా పొయ్యి ఆరుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, ఆ రోజు మా అవ్వ చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు.

ఒక ఉదయం షావుకారు బండి దిగి, వేరే వీధిలో నేయించిన లుంగీ ఒకటి మా అరుగు మీద పరిచాడు. అది దళసరిగా, చేతికి బిరుసుగా, తళతళలాడుతూ ఉంది. ఇకమీదట పేక, అంటే అడ్డపోగు, పలచగా కొట్టి, గంజి చిక్కగా పట్టించాలని చెప్పాడు. అది కొనేవాళ్లను మోసం చేయడమేనని తాతయ్య నెమ్మదిగా అన్నాడు. షావుకారు కోప్పడలేదు.

“సరుకు మంచిది కాకపోతే నాకింత లాభం యాడనుంచి వస్తాది పెద్దాయనా? జనం ఎగబడి కొంటా ఉండారు. వాళ్లంతా తెలివిలేనోళ్లా?”

చుట్టూ చేరిన నేతగాళ్లు తలలూపారు. లోపలినుంచి మా అవ్వ వచ్చి ఆ లుంగీని తొట్టిలో నానబెట్టి, అందరి ముందూ పిసికింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. వాటిని మా గేదె ముందు పెడితే చుక్క మిగల్చకుండా తాగింది. తరువాత అవ్వ లుంగీని దులిపి ఎండకెదురుగా పట్టుకుంది. దాని వెనక నిలుచున్న షావుకారు ముఖం మాకు స్పష్టంగా కనిపించింది.

“నీ సరుకంతా మా ఎనుము తాగేసినాది నాయనా. మిగిలింది చేపలు పట్టేదానికి పనికొస్తాది.”

అందరూ నవ్వారు. షావుకారూ నవ్వాడు. నేను ఈనాటికీ క్షమించలేనిది ఆ నవ్వునే.

“మీరు ఉతికి చూస్తారవ్వా. కొనేటోడు అంగట్లో ఉతికి చూస్తాడా?” అంటూ, మాకని తెచ్చిన నూలు మూటను మళ్లీ బండిలో వేయించాడు.

ఆయన సిగ్గుపడతాడని అవ్వ అనుకుంది. ఆమె పొరపాటు అదొక్కటే. నెల తిరగకముందే వీధంతా పలచని బట్ట నేసింది. వాళ్లను నేను తప్పుపట్టను, అందరూ పిల్లలు గలవాళ్లు. తాతయ్య మాత్రం గేదెను అమ్మి నూలు కొన్నాడు. గట్టిగా నేసిన లుంగీలను మూటగట్టి పేర్ణాంబట్టు దాకా నడిచి అమ్మాడు. అవి కొన్నవాళ్లు మళ్లీ రెండేళ్ల దాకా కొనలేదు, చిరగలేదు కనుక. షావుకారు బట్ట కొన్నవాళ్లు పండగ పండగకూ కొన్నారు. మాకు మజ్జిగ లేని అన్నమూ, ఆయనకు మేడా మిగిలాయి. ఆ మేడను చూపించి, అంత మంచి సరుకు అమ్మబట్టే అంత సంపాదించాడని ఊళ్లో పెద్దమనుషులు మెచ్చుకున్నారు.

గెలిచింది మనమే కదా, మరి ఇదేమిటని అవ్వను నిలదీశాను.

“మనం బట్టను చూపించినాం తల్లీ. ఆయన చూసేది బట్టను కాదు” అంది.

అప్పటినుంచీ, ఇంట్లోకి కొన్న ప్రతి వస్తువూ ఏనాడు పాడైందో రాసిపెట్టుకుంటున్నాను. ఫలానా వ్యాపారి బాగా గడించాడు, కాబట్టి అతని సరుకు గొప్పదని ఎవరైనా నా ముందు అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లాభం సంగతి అంగట్లో డబ్బు చేతులు మారగానే తేలిపోతుంది. సరుకు సంగతి తేలేది కొన్నవాడి ఇంట్లో, మొదటి ఉతుకులో. ఆ ఉతుకు చూడటానికి అమ్మినవాడు ఏనాడూ రాడు.