కుడి చెయ్యి ఎత్తినవాళ్లకే చైనా భాష వచ్చు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను గెలవను. గెలుస్తానేమోనని చివరిదాకా ఆశ పెట్టుకుని చదివి, ఆఖర్న నన్ను తిట్టుకోవద్దు. ఓడినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నేను గెలుపు వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పుకుంటుంటే, తలుపు నా మొహం మీద నేనే వేసుకున్న రకం.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పట్లో నేను సికింద్రాబాద్ స్టేషన్‌కి పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక కోచింగ్ సెంటర్లో సాయంత్రాలు చైనా భాష నేర్పేదాన్ని. కింద బేకరీ, పైన మేము. తెలుగమ్మాయి చైనా భాష నేర్పడమేమిటని మీకు అనుమానం రావచ్చు. మా బంధువులకీ వచ్చింది. మా పెద్దత్తయ్య ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను "నూడుల్స్ కోర్సు చెప్తుంది" అనే పరిచయం చేస్తుంది. మొదట్లో సర్దిచెప్పేదాన్ని, తర్వాత ఓపిక పోయి తలూపడం అలవాటు చేసుకున్నాను.

పగలంతా ఒక కంపెనీకి యంత్రాల పుస్తకాలు చైనీసు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం, సాయంత్రం క్లాసు. మూతలు పడే కళ్లతో మెట్లెక్కేసరికి మా ఓనర్ ప్రకాశరావు గారు పైమెట్టు మీద నిలబడి ఉండేవారు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మంచివారే, కాకపోతే ఆయనకి ఖాళీ కుర్చీని చూస్తే కడుపులో మంట.

"చూడమ్మా, ఎనిమిది మందితో క్లాసంటే ఫ్యాను తిప్పడం కూడా దండగే. ఆ గదిలో జర్మన్ పెట్టేద్దామనుకుంటున్నాను. జర్మన్‌కైతే జనం ఎగబడుతున్నారు."

"కొన్నాళ్లు చూడండి సార్."

"ఏం చూడమంటావ్? ఫోన్లో చైనావాళ్లే నేరుగా చెప్తుంటే మన దగ్గరికి ఎందుకొస్తారమ్మా? నువ్వేమో చూస్తే తెలుగుదానివి."

చూసినా చూడకపోయినా తెలుగుదాన్నే కదా సార్ అందామనుకున్నాను, అనలేదు. ఆ క్లాసంటే నాకు ప్రాణం. పగటి పని తిండి కోసం, సాయంత్రపు పని నా కోసం. ఆ గదిలోకి జర్మన్ వచ్చేస్తే నాకిక మిగిలేది పంపుసెట్ల మాన్యువళ్లే.

సరిగ్గా అప్పుడే ఆన్‌లైన్లో ఒక పోటీ సంగతి తెలిసింది. చైనీసు మాతృభాష కాకపోయినా నేర్చుకుని, దాన్ని ఇంకొకరికి నేర్పే టీచర్లకు పోటీ. రాతపరీక్ష గట్టెక్కాను. రికార్డు చేసి పంపిన పాఠమూ గట్టెక్కింది. ఇక మిగిలింది ఫైనల్. మన విద్యార్థులతోనే పావుగంట పాఠం, చైనాలో కూర్చున్న ముగ్గురు జడ్జీలు వీడియోలో చూస్తారు.

ప్రకాశరావు గారి మొహం మొదటిసారి వెలిగింది. "గెలువమ్మా! నీ ఫొటోతో ఇంతెత్తు ఫ్లెక్సీ కట్టిద్దాం. గెలిస్తే క్లాసుంటుంది. గెలవకపోతే మాత్రం నన్ననకు."

అసలు చిక్కు నా విద్యార్థులతో వచ్చింది. ఎనిమిది మందిలో నలుగురికి వస్తుంది, నలుగురికి రాదు. వచ్చినవాళ్లలో మొదటిది శ్రావణి, బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారి కూతురు. ఒకసారి వింటే రాయి మీద చెక్కినట్టే. రానివాళ్లలో మొదటివారు సత్తయ్య గారు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. పొద్దంతా ఇంట్లో ఉంటే కోడలికి అడ్డమని క్లాసులో చేరారు. నాలుగు నెలలకి 'నీ హావ్' అనే నమస్కారం దగ్గరే ఆగి ఉన్నారు, సిగ్నల్ పడని గూడ్సు బండిలాగా. ఆయనకి తోడు యాదగిరి, చైనా నుంచి ప్లాస్టిక్ బొమ్మలు తెప్పించే వ్యాపారి. హోంవర్క్ అడిగితే "దుకాణంల గిరాకి ఉండె మేడం" అంటాడు.

జడ్జీల ముందు నేను ప్రశ్న అడిగితే నలుగురే చేతులెత్తితే పరువేం కావాలి? ఆలోచించి ఆలోచించి, నా ఐదో తరగతి నాటి మహామంత్రం తవ్వి తీశాను. మా బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే మా తెలుగు పంతులు ఒక మాట చెప్పేవారు. అందరూ చెయ్యి ఎత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. పంతులు కుడి చేతుల్నే లేపుతారు, ఇన్‌స్పెక్టర్ ఇంత తెలివైన పిల్లల్ని చూడలేదని రాసి వెళ్తారు. కుడి చేత్తో చేసిన దానం ఎడమ చేతికి తెలియకూడదంటారు కదా, మా బడిలో కుడి చేతికి వచ్చిన చదువు ఎడమ చేతికి లేదని ఇన్‌స్పెక్టరుకి తెలిసేది కాదు.

శనివారం రిహార్సల్. నేను బోర్డు దగ్గర, వాళ్లు ఎదురుగా బెంచీల మీద.

సత్తయ్య గారికి నచ్చలేదు. "మేడం, సదువుకాడ ఎడమ చెయ్యి లేపుడు మంచిగుండదు."

"ఒక్క పావుగంట సత్తయ్య గారూ."

"మరి నాకొచ్చిందనుకో?"

"వస్తే కుడిది ఎత్తండి."

"రాదులే మేడం," అని ఆయనే తేల్చేశారు. యాదగిరి మాత్రం మురిసిపోయాడు. "గిదేదో మస్తుంది మేడం. చిన్నప్పుడే చెప్తే నేను పదో తరగతి పాసైతుంటి."

రిహార్సల్ వెన్నపూసలా సాగింది. ఎనిమిది చేతులు లేచేవి, నేను కుడివాటిని ఏరుకునేదాన్ని, జవాబులు టకటకా వచ్చేవి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఫ్లెక్సీ మీద ఏ చీర కట్టుకున్న ఫొటో బాగుంటుందా అని కూడా ఆలోచించాను. ఆలు లేదు చూలు లేదు, ఫ్లెక్సీకి మాత్రం చీర సిద్ధం.

ఆదివారం, ఫైనల్ రోజు పొద్దున్న ఒక మెయిల్ వచ్చింది. టీచర్ ముఖం, విద్యార్థుల ముఖాలు ఒకే ఫ్రేములో కనిపించాలట. సరే, బెంచీలు నా వెనక్కి మార్చాం, పెళ్లి గ్రూప్ ఫొటోలాగా. ముందు ల్యాప్‌టాప్, దాని ముందు నేను, నా వెనక వాళ్లు. విద్యార్థుల్ని ల్యాప్‌టాప్ తెర మీదే చూడాలి.

మీరెప్పుడైనా సెల్ఫీ తీసుకుంటూ మీ టీషర్టు మీది అక్షరాలు చూశారా? తిరగబడి ఉంటాయి. ఆ వీడియోలో కూడా మన బొమ్మ మనకి అద్దంలో చూసినట్టే కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనుషుల్ని చూసే అలవాటుతో చూస్తే కుడి చెయ్యి ఎడమదనిపిస్తుంది, ఎడమది కుడిదనిపిస్తుంది. ఈ సంగతి నాకు తెలియదా అంటారా? తెలుసు, ఇప్పుడు తెలుసు.

తెర మీద ముగ్గురు జడ్జీలు వచ్చారు. మధ్యలో లిన్ మేడం, ముక్కు మీద కళ్లద్దాలు, కళ్లద్దాల మీంచి చూపు. మాకిచ్చిన పాఠం దారి అడగడం. కుడికి తిరగండి, ఎడమకి తిరగండి. నవ్వకండి, ఇది నేను కల్పించింది కాదు.

"హ్వోఛెజాన్ జెన్మ జౌ?" అని అడిగాను. రైల్వే స్టేషన్‌కి ఎలా వెళ్లాలి అని. ఎనిమిది చేతులు ఝుమ్మని లేచాయి. తెర మీద చూస్తే శ్రావణి ఎత్తింది ఎడమ చెయ్యి! పాపం జడ్జీల్ని చూసి బెదిరినట్టుంది అనుకున్నాను. సత్తయ్య గారిది కుడి చెయ్యి! నా కళ్లు చెమర్చాయి. రాత్రంతా కూర్చుని నేర్చుకున్నారు కాబోలు, నా కోసం. "సత్తయ్య గారూ, చెప్పండి," అన్నాను చైనీసులో, ప్రేమగా.

ఆయన లేవలేదు. "నన్నేనా?"

చిరునవ్వు చెదరనివ్వకుండా తలూపాను.

"గట్లెట్ల మేడం? నేను ఎడమది లేపిన గద!" అంటూ ఆ చేతిని గాల్లో ఊపి చూపించారు. తెర మీద అది కుడి చెయ్యే. ముప్ఫై ఏళ్లు యంత్రాల మధ్య పనిచేసిన మనిషికి ఏ చెయ్యి ఏదో తెలియడం లేదని ఆయన మీద జాలిపడ్డాను. ఆ పాపం ఊరికే పోదు.

జడ్జీలకి తెలుగు రాదు కనుక బతికిపోయాను. కానీ పిలిచిన మనిషిని జవాబు లేకుండా కూర్చోబెడితే మార్కులు పోతాయి. ఇక గత్యంతరం లేక ఆయన్ని లేపి, తలుపు దగ్గర నిలబెట్టాను. బెంచీల మధ్య సందు మోండా మార్కెట్ అన్నాను, కిటికీ స్టేషన్ అన్నాను. "వాంగ్ జ్వో గ్వాయ్" అంటూ ఆయన్ని ఎడమకి తిప్పాను, "వాంగ్ యౌ గ్వాయ్" అంటూ కుడికి తిప్పాను. మూడోసారికి ఆయనే గొణుక్కుంటూ తిరిగారు. నాలుగోసారికి కిటికీ పట్టుకుని "ఆగయా స్టేషన్!" అని అరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో ప్రశ్న. ఈసారి తెర మీద యాదగిరి కుడి చెయ్యి బారెడు లేచింది. పిలిచాను.

"నాకు రాదు మేడం, తల్లితోడు!"

అతన్ని ఆటోడ్రైవర్‌ని చేశాను, సత్తయ్య గారిని ప్యాసింజర్‌ని చేశాను. ఒకరు దారి అడగడం, ఒకరు చెప్పడం. దారి తప్పి ఇద్దరూ రెండుసార్లు గోడకి గుద్దుకున్నారు. ల్యాప్‌టాప్ వెనకాల నిలబడ్డ ప్రకాశరావు గారు మొదట తల పట్టుకున్నారు, తర్వాత గోడ పట్టుకున్నారు. శ్రావణి చెయ్యి ఎత్తి ఎత్తి, దాన్ని రెండో చేత్తో మోస్తోంది. నేను ఆ పిల్ల వంక చూడను కూడా చూడలేదు.

మూడో ప్రశ్నకీ, నాలుగో ప్రశ్నకీ అదే కథ. ముచ్చెమటలు పోసి తుడుచుకుంటుంటే, తెర మీద మా వెనక గోడకున్న కోచింగ్ సెంటర్ పేరు కనిపించింది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. అప్పటికి పావుగంటా అయిపోయింది. అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

లిన్ మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నెమ్మదిగా మాట్లాడింది. "పొద్దుట్నుంచీ చూస్తున్నాం. ప్రతి టీచరూ వచ్చినవాళ్లనే అడిగారు. మీరొక్కరే రానివాళ్లని ఏరి ఏరి లేపి, మా కళ్ల ముందే నేర్పారు. పాఠమంటే ఇదీ."

నేను విన్నది నిజమేనా అని చెవులు రుద్దుకున్నాను. పక్క జడ్జీలు కూడా తలలూపుతున్నారు. జర్మన్ పోయింది, క్లాసు నిలబడింది! నోరు మూసుకుని దండం పెడితే సరిపోయేది. కానీ ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "ఒక్క సందేహం. అందరూ చేతులెత్తారు కదా. రానివాళ్లెవరో మీకెలా తెలిసింది? ఒక్కసారి కూడా గురి తప్పలేదే!"

'అనుభవం' అంటే అయిపోయేది. ఆ మాట నా గొంతులోంచి బయల్దేరేలోపు సత్తయ్య గారు శ్రావణిని అడిగారు. "ఏమంటున్నదమ్మా ఆ మేడం?" శ్రావణి చెప్పింది. అంతే, నాకు రావలసిన పేరు ఎక్కడ రాకుండా పోతుందోనని ఆయన బెంచీ దిగి కెమెరా ముందుకి వచ్చేశారు.

"మా మేడం దిమాగ్ మామూలు దిమాగ్ గాదు! వచ్చినోళ్లు గిట్ల కుడిది లేపాలె, రానోళ్లు గిట్ల ఎడమది లేపాలె. నిన్న సుత ప్రాక్టీస్ చేయించింది. చెప్పు బిడ్డా, జెర మంచిగ చెప్పు!"

"ఆయన ఏమంటున్నారు?" అంది లిన్ మేడం.

"శ్రావణీ, వద్దమ్మా!" అన్నాను తెలుగులో. కానీ పావుగంటగా ఒక్క ఛాన్సూ రాక ఉడికిపోతున్న పిల్ల. లేచి నిలబడి, జడ సర్దుకుని, మొత్తం అనువదించింది. కుడి, ఎడమ, నిన్నటి ప్రాక్టీసు, అన్నీ. ఒక్క తప్పు లేదు. పలుకు పలుకూ ముత్యం. నా క్లాసులో ఎవరూ ఎప్పుడూ అంత చక్కటి చైనీసు మాట్లాడలేదు. కొంప మునుగుతున్నా నా చెవులకి మాత్రం హాయిగానే ఉంది.

లిన్ మేడం నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఈ అమ్మాయికి ఎవరు నేర్పారు?"

"మా మేడమే," అంది శ్రావణి, గర్వంగా.

"అయితే మీ మేడం నేర్పే తీరు మీద మాకు అనుమానం లేదు. కానీ విద్యార్థులతో ముందే సైగలు కుదుర్చుకోకూడదు. పోటీ నియమాలు నియమాలే," అని ఆవిడ నన్ను పోటీ నుంచి తీసేసింది. వెళ్లేముందు ముగ్గురు జడ్జీలూ లేచి మరీ చప్పట్లు కొట్టారు.

చైనీసు ముక్క రాని ప్రకాశరావు గారు పరుగెత్తుకొచ్చారు. "చప్పట్లు కొట్టారుగా అమ్మా! గెలిచినట్టేనా?"

"లేదు సార్. ఆ చప్పట్లు శ్రావణికి," అని జరిగింది చెప్పాను. ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు. శ్రావణి వంక అదే పనిగా చూస్తూ ఉండిపోయారు. అది తిట్టుకంటే ప్రమాదమని నాకు అప్పుడు తెలియలేదు.

వారం తర్వాత పిలిచారు. "శుభవార్తమ్మా. చైనీసు క్లాసు తీసెయ్యడం లేదు."

ఏడ్చినంత పని చేశాను. "థాంక్స్ సార్!"

"జడ్జీలే లేచి నిలబడి మెచ్చుకున్న పిల్ల మన దగ్గరుంటే ఎందుకు తీసేస్తాం? ఫ్లెక్సీ కూడా కొట్టించాను. ఒకటో తారీఖు నుంచి ఆ క్లాసు శ్రావణి చెప్తుంది. నువ్వు పక్క గదిలో స్పోకెన్ ఇంగ్లీషు తీసుకో. పగలు కూడా పని, అలిసిపోతున్నావు."

శ్రావణి కళ్లనీళ్లతో వచ్చింది. "మేడం, నేను గిట్లయితదనుకోలే. మీరు వద్దంటే ఇప్పుడే మానేస్త."

"చెప్పమ్మా. నువ్వు బాగా చెప్తావు," అన్నాను. మనసులో మండింది, దాచుకోను. గర్వం కూడా కలిగింది, అదీ దాచుకోను. రెండూ కలిపి మింగితే ఎలా ఉంటుందో మాత్రం అడగొద్దు.

ఇప్పుడు సాయంత్రాలు నేను నీరసంగా "హౌ ఆర్ యూ" చెప్తుంటే, గోడ అవతల శ్రావణి కంచుగొంతు ఖంగుమంటుంది. ఆ గదిలో కుర్చీలు చాలక బేకరీ నుంచి స్టూళ్లు మోసుకొస్తున్నారు. కనుక ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి సాక్షిగా, ఆరోగ్యంగా, పూర్తి స్పృహతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ విద్యార్థికీ, ఏ భాషా, అంత బాగా నేర్పను.