ఇన్‌సోన్ మామ తడవడు

ఇన్‌సోన్ మామ తడవడు. సోంగ్‌క్రాన్ అనే మా థాయ్ కొత్త సంవత్సరం పండక్కి ఒకరి మీద ఒకరు పోసుకునే నీళ్లకి మా ఊళ్లో పోలీసులు తడుస్తారు, కుక్కలు తడుస్తాయి, చివరికి యోమ్ నది మీది వంతెన కూడా తడిసి ముద్దవుతుంది. మామ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కొస నుంచి ఈ కొసకి పొడిపొడిగా నడిచిపోతాడు.

పండగ నీళ్లంటే ఆశీర్వాదం, వద్దనకూడదు. మామ వద్దనడు కూడా. "పొయ్యండర్రా, నేనేమన్నా కాదన్నానా?" అంటాడు. బకెట్ ఎత్తేలోపు మాయం!

ఒక ఏడాది భిక్షువు వెనకాలే, ఆయన నీడలా నడిచాడు. స్వామివారి మీద బకెట్ ఎత్తే ధైర్యం ఎవరికుంది? ఇంకో ఏడాది నిండు గర్భిణి సంచీ మోస్తూ ఊరు దాటాడు. మరో ఏడాది చేపల బండి మీద టార్పాలిన్ కింద పడుకుని వెళ్లాడు. దిగేసరికి నీచు కంపు, ఒంటి మీద మాత్రం చుక్క లేదు. నాకు కోపం వచ్చేది గానీ, నిజం చెప్పొద్దూ, నోరు తెరుచుకుని చూసేదాన్ని. మనిషా, గాలా?

ఈ ఏడాది పట్టు పట్టాను. నాలుగు రోడ్ల కూడలిలో నా నూడుల్స్ కొట్టు. ముందు డ్రమ్ము పెట్టి, ఐసు గడ్డలు వేసి, మా ఆయన సువిత్‌ని మేడ మీద పైపుతో నిలబెట్టాను.

మామ వచ్చాడు. వెనక పండగ ఆనవాయితీగా ముఖాల నిండా తెల్లపిండి పూసుకున్న జనం. వయసు మీద పడింది కదా, మోకాలు సహకరించలేదు. గోడకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కుపోయాడు.

"దొరికావు మామా!"

మామ చేతులు జోడించాడు. ఎన్నడూ చూడని సంగతి.

"చన్‌తిప్, ఇక్కడొద్దే తల్లీ. ఆ సందు చివరిదాకా పోనియ్యి. తర్వాత నన్ను డ్రమ్ములోనే ముంచు."

"ఎవరికి చెబుతావ్ ఈ కబుర్లు?"

"ఒట్టు. అక్కడ ఇంకొకరు కాచుకుని ఉన్నారే."

ఆ గొంతులో వేళాకోళం లేదు. మా ఆయన్ని పైపు కట్టెయ్యమన్నాను. "నడువు. తప్పించుకున్నావో, ఐసుగడ్డతో కొడతా" అని బకెట్ పట్టుకుని వెంట నడిచాను. జనం సందు మొదట్లోనే ఆగిపోయారు, చివర జబ్బు మనిషి ఇల్లుందని.

అది సెంగ్లా పిన్ని ఇల్లు. ఒకప్పుడు ఆమె గుమ్మం ముందు నుంచి పొడిగా పోయినవాడు లేడు. పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాక, కిటికీ పక్క మంచమే ఆమె లోకం. పండగ చివరి రోజు అందరం వెళ్లి ఆమె చేతుల మీద మల్లెల నీళ్లు పోసి, దీవెన తీసుకుని, నెమ్మదిగా వచ్చేస్తాం. గౌరవం బాగానే ఇస్తాం. ఆమెతో ఆడేవాళ్లే లేరు.

మామ సరిగ్గా కిటికీ కింద ఆగి, ఊరికంతా వినపడేలా అరిచాడు.

"ఈ ఏడాదీ ఊరంతా ఓడిపోయింది! ఇన్‌సోన్‌ని తడిపే మొనగాడు ఇంకా పుట్టలేదు!"

అని, చెప్పు ఊడినట్టు వంగాడు. కిటికీలోంచి వణుకుతూ ఒక వెండి గిన్నె బయటికొచ్చింది. మల్లెల నీళ్లు మామ మెడ మీద ధడేల్‌మన్నాయి.

"అమ్మో! దొరికిపోయానే!" మామ గంతులేశాడు, మోకాలి నొప్పి ఏమైందో.

లోపల నవ్వు. అబ్బ, ఏం నవ్వు అది! మంచం కిర్రుకిర్రుమంది. "చచ్చావా ఇన్‌సోన్! ఊరంతా దద్దమ్మలు. మళ్లీ నేనే!"

ఇన్నేళ్లూ ఊరందరినీ ఓడించి, పొడి చొక్కాని జాగ్రత్తగా ఇక్కడికి మోసుకొచ్చాడన్న మాట.

"ఏటా ఇంతేనా మామా?" గుసగుసగా అడిగాను.

"ఏం చెయ్యనే, ఏటా ఇక్కడికి రాగానే చెప్పు ఊడుతుంది" అని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "మాటంటే మాటే. ఇక పొయ్యి."

ఇంతలో కిటికీలోంచి పిన్ని, "ఎవరే అది, చన్‌తిప్పా? నువ్వు కూడా ఓడిపోయావా?"

బకెట్ కింద పెట్టేశాను. "ఓడిపోయాను పిన్నీ. నీ దెబ్బకి సాటెవరు?"

"పోనీలే, బాధపడకు. ఇలా దగ్గరికి రా, దీవిస్తాను."

భక్తిగా తల వంచాను. వెనక మామ దగ్గాడు, ఎందుకో అర్థమయ్యేలోపే గిన్నెడు నీళ్లు నా వీపులోకి జారాయి.

"చెప్పు ఊడిందా అమ్మాయ్?" అన్నాడు మామ.