పేరు తీసేయమన్న టీచరుగారు

ముందుగా సినీ పరిశ్రమ పెద్దలందరికీ రెండు చేతులూ జోడించి, నడుము వంగినంత మేరా వంగి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఈ కింది మాటల వల్ల తమలో ఎవరి మనసైనా గాయపడితే, అది యాదృచ్ఛికం మాత్రం కాదు.

మా చైనీస్ టీచరుగారు మంగళవారం పొద్దున పోయారు. గుండెపోటు. కృష్ణానగర్‌లో అద్దెకున్న ఇంటి మెట్లు దింపేలోపే అయిపోయింది. మధ్యాహ్నానికల్లా ఒక దర్శకుడుగారు ఆవిడ ఫొటో పెట్టి, 'మా సినీ కుటుంబానికి తీరని లోటు' అని సంతాపం ప్రకటించారు. ఆ కుటుంబం ఆవిడకు ఏం చేసిపెట్టిందో నాలుగు ముక్కలు చెబుతాను.

ఆవిడది భీమవరం వైపు. పెళ్లయ్యాక భర్తతో గ్వాంగ్‌జౌ వెళ్లి, అక్కడి పిల్లలకు ఇంగ్లిష్ చెబుతూ సగం జీవితం గడిపారు. భర్త పోయాక ఇక్కడికొచ్చి, ముందు గదిలో మాలాంటి వాళ్లకు చైనీస్ నేర్పడం మొదలుపెట్టారు. మేం ఆవిడను 'లావ్‌షి' అనేవాళ్లం. అంటే టీచరు. అక్కడ కూడా మనలాగే, చదువు చెప్పినవాళ్లను పేరు పెట్టి పిలవరు.

నేను ఎడిటింగ్ స్టూడియోలో పనిచేస్తాను. చైనీస్ వస్తే సబ్‌టైటిల్స్ పని దొరుకుతుందని చేరాను. మొదటిరోజు భక్తిగా పుస్తకం తీశాను.

"అది లోపల పెట్టు నాయనా. టీ తాగుతావా?" అన్నారు. కప్పులో పోస్తూ, "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగారు.

"థ్యాంక్స్ చెప్పాలి మేడం."

"నోటినిండా బిస్కెట్టు పెట్టుకుని ఎలా చెప్తావు?"

రెండు వేళ్లు మడిచి బల్లమీద టకటకమని తట్టి చూపించారు. గ్వాంగ్‌జౌలో టీ పోసినవాళ్లకు అలాగే కృతజ్ఞత చెబుతారట. నా మొదటి చైనీస్ పాఠంలో ఒక్క మాట కూడా లేదు. రెండోది 'తిన్నావా?'. అక్కడి పాతకాలం వాళ్లు ఎదురైతే పలకరింపు అదేనట. 'ఇంకా తినలేదు' అని చైనీస్‌లో తప్పు లేకుండా చెబితే ఉప్మా పెట్టేవారు. ఆ వాక్యంలో నా ఉచ్చారణ ఇప్పటికీ దివ్యంగా ఉంటుంది.

"ముందు వాళ్లింట్లో కూర్చుని తినడం రావాలి. మాట దాని వెనకే వస్తుంది" అనేవారు.

ఇక సినీ కుటుంబం. ఆ దర్శకుడుగారి సినిమా ఒకదానిలో చైనా ఎపిసోడ్ ఉందని, పద్ధతులు చెప్పడానికి ఆవిడను పిలిచారు. చెప్పులు ఎక్కడ విడవాలి, పెద్దవాళ్లకు కప్పు ఎలా అందించాలి, అన్నీ నేర్పారు. ఫిల్మ్‌నగర్‌లో సెట్. చైనా ముసలమ్మ పుట్టినరోజు విందు తీస్తున్నారు. ఆవిడకు తోడుగా నేనూ వెళ్లాను. చూస్తే ప్రతి అన్నం గిన్నెలోనూ చాప్‌స్టిక్స్, అదే తినే పుల్లలు, రెండేసి, అగరొత్తుల్లా నిటారుగా గుచ్చి ఉన్నాయి. టీచరుగారు గబగబా వెళ్లి ఒక్కో గిన్నెలోంచి పీకడం మొదలుపెట్టారు.

సెట్ సర్దే కుర్రాడు లబలబలాడాడు. "ఏంది మేడం గిట్ల చేస్తున్రు? పడకుంట నిలబెట్టనీకి నా పాణం పోయింది!"

"అలా గుచ్చితే చనిపోయినవాళ్లకి పెట్టే అన్నం బాబూ అది. బతికున్న మనిషి పుట్టినరోజుకి పిండం పెడతారా ఎవరన్నా?"

దర్శకుడుగారు కుర్చీలోంచి లేవకుండానే తీర్పు ఇచ్చారు. "మన ఆడియన్స్‌కి అవన్నీ ఎవరికి తెలుసండీ? నిలబడితే ఫ్రేమ్ రిచ్‌గా ఉంటుంది. పెట్టేయ్ రా."

మళ్లీ గుచ్చారు. షాట్ తీశారు. తెలియక చేస్తే తప్పు, తెలిసి చేస్తే 'రిచ్‌నెస్'. ఇది నేను పరిశ్రమ దగ్గర నేర్చుకున్న పాఠం.

సినిమా విడుదలైంది. టైటిల్స్‌లో 'చైనా సంప్రదాయాల పర్యవేక్షణ' అని, కింద ఆవిడ పేరు, ఒక్కదానికే ఒక కార్డు. అంత గౌరవం! కొన్నాళ్లకు గ్వాంగ్‌జౌలోని పాత పొరుగింటావిడ ఆ విందు సీను ఎక్కడో చూసి, దాన్నీ ఆ టైటిల్ కార్డునూ ఫోన్‌లో పంపి ఒకటే అడిగింది: "ఇలా పెట్టమని నువ్వే చెప్పావా?"

టీచరుగారు పెద్ద జవాబు రాశారు. అటునుంచి మళ్లీ ఏమీ రాలేదు.

మర్నాడు టీచరుగారిని బండిమీద జూబ్లీహిల్స్‌లో ఆ సినిమావాళ్ల ఆఫీసుకు తీసుకెళ్లాను. తన పేరు తీసేయమని అడిగారు. మేనేజరుకు నవ్వాగలేదు.

"పేరెయ్యమని కాళ్లు మొక్కెటోళ్లు గేటు బయట మస్తుమంది ఉన్నరు మేడం. తియ్యమని వచ్చింది మీరొక్కరే. జర చల్లటి నీళ్లు తాగుండ్రి, అంతా సెట్ అయితది."

తిరిగొచ్చే దార్లో ఆవిడ నా వీపు వెనక నుంచి మాట్లాడుతూనే ఉన్నారు. "నా పుట్టినరోజుకి ఆ పొరుగింటావిడ పొడుగాటి నూడుల్స్ చేసిపెట్టేదిరా. మధ్యలో కొరక్కూడదు, ఆయుష్షు కదా అని పక్కనే కూర్చుని కాపలా కాసేది. అంతా దగ్గరుండి నేర్పితే, నేను నేర్చుకుంది ఇదా అనుకోదూ?"

ఆ తర్వాత కూడా ఆఫీసుకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. 'సార్ షూటింగ్‌లో ఉన్నారు' అనేవాళ్లు. ఆఖరికి ఆవిడే లేకుండా పోయారు. పేరు మాత్రం తెరమీద అలాగే ఉంది. ఇప్పుడేమో తీరని లోటట. తీర్చగలిగిన లోటు ఒకటుండేది సార్. అడిగితే నీళ్లిచ్చి పంపారు.

అంత్యక్రియలైన మూడోనాడు, అదే సినిమా మొబైళ్లలో చూపించడానికి కొత్త కాపీ తయారుచేయాలని మా స్టూడియోకు వచ్చింది. సబ్‌టైటిల్స్ సరిచూసే పని నాకే పడింది.

ఒప్పుకుంటున్నాను. ఎవరినీ అడగకుండా ఆ కార్డు తీసేశాను. విందు సీను జోలికి వెళ్లలేకపోయాను, అన్నంలో పుల్లలు అలాగే నిలబడి ఉన్నాయి. టైటిల్స్‌లో ఒకచోట తెర నల్లగా అయి, పాట మాత్రం వినిపిస్తుంది. ఆ తర్వాత మిగతా అందరి పేర్లూ వరసగా వస్తాయి.